పెద్దవాళ్లు చూడదగ్గ కొరియన్ డ్రామాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా ఎంచుకోవాలి

కొరియన్ డ్రామా అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఒకటే కథ. కోటీశ్వరుడి కొడుకు, పార్ట్ టైమ్ ఉద్యోగాలు చేసుకునే పేదింటి అమ్మాయి, వానలో గొడుగు, స్లో మోషన్‌లో ఒక చూపు. కాలేజీ పిల్లలు ఫోన్‌లో అవి చూసి మురిసిపోతుంటే, నలభై దాటినవాళ్లు పక్కనుంచి కాసేపు చూసి "ఇది మనకు కాదులే" అని లేచిపోతారు. ఇంకొందరికి స్క్విడ్ గేమ్‌తో పరిచయం అయింది కాబట్టి, కొరియన్ అంటే రక్తపాతం అన్న అభిప్రాయం పడిపోయింది. ఈ రెండు రకాలవాళ్లూ అసలు మంచివాటి దాకా రాకుండానే వెనక్కి తిరిగారు. నాకు అది నిజంగా బాధ కలిగిస్తుంది. ఉద్యోగం, అప్పులు, ముసలితనం, అన్నదమ్ముల బంధం, పెళ్లయిన ఇరవై ఏళ్లకు ఇద్దరి మధ్య ఏం మిగిలింది అన్న ప్రశ్న, ఇలాంటి విషయాలను ఇంత ఓపిగ్గా పట్టించుకునే టీవీ ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

అసలు చిక్కు ఏమిటంటే, కొరియన్ డ్రామా అనే ఒక్క పేరు కింద మూడు వేరువేరు రకాలు ఉన్నాయి. మొదటిది రోజువారీ సీరియల్. వారంలో ఐదు రోజులు, అరగంట చొప్పున వస్తూ వంద ఎపిసోడ్లు దాటిపోతుంది. అత్తాకోడళ్ల పోరు, ఆస్పత్రిలో తారుమారైన పిల్లలు, ఉన్నట్టుండి జ్ఞాపకశక్తి పోవడం, ఆస్తి గొడవలు. మన సాయంత్రం సీరియళ్లకు దగ్గరి చుట్టం. రెండోది శని, ఆదివారాల్లో వచ్చే కుటుంబ కథ. యాభై ఎపిసోడ్ల దాకా ఉంటుంది, ఇంటిల్లిపాదీ భోజనాల వేళ కలిసి చూసేలా రాస్తారు. మూడోది మినీ సిరీస్. పన్నెండు నుంచి ఇరవై ఎపిసోడ్లు, ఎక్కువగా పదహారు. ఒక్కోటి గంట, ఒక్కోసారి గంటన్నర. వారానికి రెండు చొప్పున రెండు నెలలు వచ్చి, కథ పూర్తిచేసుకుని ఆగిపోతుంది. రెండో సీజన్ రావడం అరుదు. ఓటీటీల్లో మన దాకా ఎక్కువగా వచ్చేది ఈ మూడో రకమే. మొదలు, మధ్య, ముగింపు ఉన్న ఒక పెద్ద నవల అంత కథ ఇందులో పడుతుంది. అందుకే కొత్తగా చూడబోయేవాళ్లు వెతకాల్సింది దీన్నే.

దీని అసలు బలం రచనలో ఉంది. పదహారు గంటల కథను మొదటి సీన్ నుంచి చివరి సీన్ దాకా మామూలుగా ఒకే మనిషి రాస్తారు. అమెరికన్ టీవీలో రచయితల బృందం కూర్చుని ఎపిసోడ్లు పంచుకుంటుంది. మన సీరియళ్లలో కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఇంకొకరిది, మాటలు మరొకరివి. కొరియాలో పేరున్న రచయిత అంటే డైరెక్టర్‌తో సమానం, చాలాసార్లు అంతకంటే ఎక్కువ. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఒక మనిషి లోకాన్ని ఎలా చూస్తారన్నది ఆ పదహారు గంటలూ కనిపిస్తూనే ఉంటుంది. నటుడు ఈ ఏడాది గొప్ప కథలో ఉంటాడు, వచ్చే ఏడాది పసలేని కథలో ఉంటాడు. రచయిత మీద పెట్టుకున్న నమ్మకం అంత తేలిగ్గా వమ్ము కాదు. కాబట్టి పోస్టర్ మీది ముఖాన్ని వదిలేసి, ఎవరు రాశారో చూసి ఎంచుకోండి. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే. కింద పేర్లు చెప్పిన చాలా డ్రామాలకు రచయిత ఎవరో కూడా చెప్పడానికి కారణం అదే.

ఈ పద్ధతికి ఒక నష్టం కూడా ఉంది. చాలాకాలం పాటు షూటింగ్, ప్రసారం పక్కపక్కనే నడిచేవి. మొదటి నాలుగైదు ఎపిసోడ్లు చేతిలో పెట్టుకుని ప్రసారం మొదలుపెట్టేవాళ్లు. ఆ తర్వాత రచయిత ఇక్కడ రాస్తుంటే యూనిట్ అక్కడ తీస్తుండేది. చివరి వారాల్లో ఆ పూట తీయాల్సిన పేజీలు ఆ పూటే సెట్‌కు చేరేవి. పాత డ్రామాలు కొన్ని అద్భుతంగా మొదలై ముగింపులో చతికిలపడటానికి ఇదొక పెద్ద కారణం. 2016లో 'డిసెండెంట్స్ ఆఫ్ ద సన్' చైనాలో కూడా ఒకేసారి ప్రసారం కావాల్సి ఉండటంతో మొత్తం ముందే తీసిపెట్టారు. 2018లో వారానికి 52 గంటల పని పరిమితి చట్టం వచ్చింది. ఓటీటీలు పూర్తయిన సరుకునే అడిగాయి. దాంతో పరిస్థితి బాగా మారింది.

ఇంకో మార్పు ఛానెళ్లలో జరిగింది. కేబీఎస్, ఎంబీసీ, ఎస్‌బీఎస్ అనే మూడు పెద్ద ఛానెళ్లదే ఒకప్పుడు రాజ్యం. వాటికి దేశంలో అందరూ కావాలి, అందుకని ఎవరినీ ఇబ్బంది పెట్టని కథలే ఎక్కువ నడిచేవి. 2006లో టీవీఎన్ అనే కేబుల్ ఛానెల్, 2011 డిసెంబరులో జేటీబీసీ వచ్చాయి. పెద్దవాళ్లతో పోటీ పడాలంటే వాళ్లు చేయనిది చేయాలి. ప్రేమకథ లేని ఆఫీసు కథ, హీరో నవ్వని క్రైమ్ కథ, డెబ్బై ఏళ్ల ఆడవాళ్లే హీరోయిన్లయిన కథ, ఇవన్నీ ఈ రెండు ఛానెళ్లు తెచ్చినవే. కింద చెప్పబోయే వాటిలో ఎక్కువ భాగం టీవీఎన్, జేటీబీసీలవే కావడం యాదృచ్ఛికం కాదు.

ఒకే డైరెక్టర్, నలుగురు రచయితలు

కొత్తవాళ్లకు నేను చూపించే దారి ఒకటుంది. కిమ్ వోన్-సోక్ అనే డైరెక్టర్ పేరు గుర్తుపెట్టుకోండి. ఆయన తీసిన నాలుగు డ్రామాలను నలుగురు వేరువేరు రచయితలు రాశారు: 2014లో 'మిసెంగ్', 2016లో 'సిగ్నల్', 2018లో 'మై మిస్టర్', 2025లో 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్'. మధ్యలో 'ఆర్థ్‌డల్ క్రానికల్స్' అనే పురాతన యుగం కథ కూడా ఉంది, దాన్ని వదిలేసినా నష్టం లేదు. డైరెక్టర్ ఒకరే కాబట్టి చిత్రీకరణ స్థాయి పడిపోదు. రచయిత మారినప్పుడల్లా కథ ప్రపంచమే మారిపోతుంది. రచయిత ఎంత ముఖ్యమో చేత్తో ముట్టుకున్నంత స్పష్టంగా తెలుస్తుంది.

మిసెంగ్ రాసింది జంగ్ యూన్-జంగ్, మూలం యూన్ తే-హో వెబ్‌టూన్, అంటే ఇంటర్నెట్‌లో వచ్చే బొమ్మల కథ. జాంగ్ గ్రే అనే కుర్రాడు చిన్నప్పటి నుంచీ బాదుక్ ఆట తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు. నల్లరాళ్లు, తెల్లరాళ్లతో ఆడే ఆట అది, జపాన్‌లో 'గో' అంటారు. ప్రొఫెషనల్ కాలేకపోయాడు. డిగ్రీ లేదు, ఇంగ్లిష్ రాదు. తెలిసినవాళ్ల సిఫారసుతో ఒక పెద్ద ట్రేడింగ్ కంపెనీలో ఇంటర్న్‌గా చేరతాడు. ఇక కథ అంతా ఆ ఆఫీసే. ఫైళ్లు, ఫోటోకాపీలు, ఇన్వాయిస్‌లో దొర్లిన తప్పు, పై అధికారి విసుగు, పిల్లలున్న ఆడ ఉద్యోగికి ఎదురయ్యే మాటలు, రాత్రి క్లయింట్‌తో తప్పని తాగుడు. లీ సంగ్-మిన్ చేసిన టీమ్ లీడర్ ఓ సాంగ్-షిక్ లాంటి మేనేజర్ దొరకాలని ఉద్యోగం చేసే ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. కళ్లు ఎర్రబడి, జుట్టు చెదిరి, ప్రమోషన్ రాక, అయినా తన కింది కుర్రాడిని కాపాడుకునే మనిషి. కొరియాలో కాంట్రాక్టు ఉద్యోగిని రెండేళ్లకు మించి ఉంచుకుంటే పర్మినెంట్ చేయాలి. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లు నిండేలోపు పంపించేస్తాయి. గ్రే పరిస్థితీ అదే. డ్రామా ఎంతగా జనంలోకి వెళ్లిందంటే, 2014 చివర్లో ప్రభుత్వం ఆ గడువును కొందరికి నాలుగేళ్లకు పెంచాలని ప్రతిపాదించినప్పుడు దానికి 'జాంగ్ గ్రే చట్టం' అనే పేరు పడింది. అది కాంట్రాక్టు ఉద్యోగుల గొంతు నొక్కే చట్టమని కార్మిక సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో పనిచేసినా, జిల్లా ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం చేసినా ఇందులో చాలాచోట్ల తమ రోజును తాము చూసుకుంటారు.

సిగ్నల్ రాసింది కిమ్ ఉన్-హీ. పాత వాకీటాకీ ఒకటి రాత్రి 11:23కు మోగుతుంది. ఇవతల ఇప్పటి పోలీసు నిపుణుడు, అవతల గతంలో ఉన్న డిటెక్టివ్. ఈ ఊహను పక్కనపెడితే మిగతా కేసుల్లో కొరియా నిజ చరిత్ర ఛాయలు ఉన్నాయి. ముఖ్యంగా 1986, 1991 మధ్య హ్వాసంగ్ ప్రాంతంలో జరిగిన వరుస హత్యలు. హంతకుడు దొరకలేదు. అప్పటి చట్టం ప్రకారం హత్య కేసుకు కూడా కాలపరిమితి ఉండేది, 2006తో అదీ అయిపోయింది. హత్యలకు కాలపరిమితిని 2015లో రద్దు చేశారు కానీ, అప్పటికే గడువు దాటిన కేసులకు అది వర్తించదు. సిగ్నల్ వచ్చిన మూడేళ్లకు, 2019లో, డీఎన్‌ఏ ద్వారా హంతకుడు బయటపడ్డాడు. వేరే హత్య కేసులో అప్పటికే జైల్లో ఉన్నాడు. ఆ హత్యల్లో ఒకదానికి ఇరవై ఏళ్ల దాకా జైల్లో మగ్గిన మరో మనిషిని 2020లో నిర్దోషిగా తేల్చారు. ఇవి తెలిసి చూస్తే, ఇంకా తేలని కేసు తాలూకు కుటుంబం ప్రతి రోజూ ఎలా బతుకుతుందో చూపించే సీన్లు మరింత బరువెక్కుతాయి. ముగింపు మాత్రం కొంత తెరిచి వదిలేశారు, అది నచ్చనివాళ్లు ఉంటారు.

ఇక మై మిస్టర్. ఈ వ్యాసంలో ఒక్కటే చూస్తానంటే ఇదే చూడండి. రాసింది పార్క్ హే-యంగ్. పార్క్ డాంగ్-హూన్ నలభైల్లో ఉన్న ఇంజినీరు, భవనాలు ఎంత భద్రంగా ఉన్నాయో పరీక్షించడం అతని పని. కంపెనీ సీఈఓ కాలేజీలో అతని జూనియర్. ఒక్క ఏడాది ముందు చేరినా పెద్దరికం ఇచ్చే సమాజంలో, రోజూ జూనియర్ ముందు తలవంచుకు నిలబడటం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. ఆ సీఈఓతోనే భార్యకు సంబంధం ఉందని ప్రేక్షకులకు మొదట్లోనే తెలుస్తుంది, అతనికి తెలియదు. అన్న వ్యాపారంలో దివాలా తీసి, తమ్ముడు సినిమా డైరెక్టర్ కావాలనుకుని కాలేక, ఇద్దరూ తల్లి ఇంట్లో ఉంటున్నారు. ముగ్గురిలో నెలజీతం తెచ్చేవాడు ఇతనొక్కడే.

అదే ఆఫీసులో లీ జి-ఆన్ అనే ఇరవై ఒక్కేళ్ల టెంపరరీ ఉద్యోగిని ఉంది. తల్లి మిగిల్చిపోయిన అప్పు, వెంటపడే వడ్డీవ్యాపారి, చెవులు వినపడని మంచానపడ్డ మామ్మ. ఆఫీసు నుంచి ఇన్‌స్టంట్ కాఫీ పొట్లాలు జేబులో వేసుకెళ్లి, రాత్రి అదే భోజనంలా తాగుతుంది. మామ్మకు చందమామ చూడాలనిపిస్తే సూపర్ మార్కెట్ ట్రాలీలో కూర్చోబెట్టి చూపించడానికి తీసుకెళ్తుంది. డాంగ్-హూన్‌ను ఉద్యోగంలోంచి తప్పించే పనికి సీఈఓ దగ్గర డబ్బు ఒప్పుకుని, అతని ఫోన్‌కు దొంగచాటుగా వినే ఏర్పాటు చేస్తుంది. ఇక్కడి నుంచి కథ ఎవరూ ఊహించని దారిలో వెళ్తుంది. ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు ఒక మనిషి తల్లితో, అన్నదమ్ములతో, తనలో తాను ఎలా మాట్లాడతాడో ఆ అమ్మాయి రోజంతా వింటుంది. అతని ఊపిరి బరువు కూడా ఇయర్‌ఫోన్‌లో వినిపిస్తుంది. మంచితనం అనేది ఎవరి కోసమో చేసే ప్రదర్శన కాకుండా నిజంగా ఉండగలదని ఆమెకు తెలిసి వచ్చే తీరు, టీవీలో నేను చూసిన అత్యంత సున్నితమైన రచన. ప్రతి భవనం బయటి బలాలకూ లోపలి బలానికీ మధ్య జరిగే పోరాటమని, మనిషీ అంతేనని డాంగ్-హూన్ ఒకచోట ఆమెకు వివరిస్తాడు. ఇంజినీరు నోట సహజంగా వచ్చిన మాట కాబట్టి అది ఉపదేశంలా ఉండదు.

రెండు హెచ్చరికలు. మొదటి ఎపిసోడ్‌లో వడ్డీవ్యాపారి ఆ అమ్మాయిని కొట్టే సీన్ చూడటం కష్టం, ప్రసారమైనప్పుడు దాని మీద విమర్శ వచ్చింది కూడా. రెండోది, వయసులో ఇంత తేడా ఉన్న ఇద్దరి కథ కాబట్టి ఇది ఆ తరహా ప్రేమకథేమోనని అనుమానం వస్తుంది. కాదు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు బతికించుకోవడం గురించిన కథ. డాంగ్-హూన్‌గా చేసిన లీ సన్-క్యున్ 'పారసైట్' సినిమాలో ధనవంతుల ఇంటి యజమాని. 2023 డిసెంబరులో చనిపోయారు. ఆ సంగతి తెలిసి చూసేవాళ్లకు కొన్ని సీన్లు తట్టుకోవడం ఇంకా కష్టం.

టాంజరిన్స్ రచయిత లిమ్ సాంగ్-చూన్. ఇది కలం పేరు. జేజు ద్వీపంలో, కొరియా ఇంకా పేదదేశంగా ఉన్నప్పుడు మొదలై, ఒక జంట జీవితం మొత్తం నడుస్తుంది. నాయిక తల్లి హేన్యో, అంటే ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దూకి గవ్వచేపలు, నాచు ఏరుకొచ్చే ఆడమనిషి. కూతురు కవయిత్రి కావాలనుకుంటుంది. పదహారు ఎపిసోడ్లను వసంతం నుంచి శీతాకాలం దాకా నాలుగు భాగాలు చేసి, వారానికి నాలుగు చొప్పున నెట్‌ఫ్లిక్స్‌లో విడుదల చేశారు. మై మిస్టర్‌లో జి-ఆన్‌గా చేసిన గాయని ఐయూ ఇందులో తల్లిగానూ కూతురిగానూ కనిపిస్తుంది. ఆ రెండు డ్రామాలూ వరుసగా చూస్తే ఆమె ఎంత గొప్ప నటో తెలుస్తుంది. నాకైతే ఇందులో కన్నీళ్లు కాస్త ఎక్కువగా పిండారనిపించింది. అయినా అమ్మానాన్నలతో కలిసి చూడటానికి మాత్రం ఇంతకన్నా మంచిది చెప్పలేను.

క్రైమ్ ఇష్టపడేవాళ్లకు

'స్ట్రేంజర్' (2017) రాసింది లీ సూ-యోన్. నాకు తెలిసి కొరియన్ క్రైమ్ కథల్లో అన్నిటికన్నా పకడ్బందీగా అల్లినది ఇదే. చిన్నప్పుడు జరిగిన మెదడు ఆపరేషన్ వల్ల భావోద్వేగాలు దాదాపు పోయిన ప్రాసిక్యూటర్ హ్వాంగ్ షి-మోక్, పోలీసు అధికారి హాన్ యో-జిన్ కలిసి ఒక హత్య కేసు తీగ లాగుతారు. డొంక మొత్తం ప్రాసిక్యూషన్ కార్యాలయంలోనే ఉంటుంది.

ఇక్కడ మనకొక విషయం తెలిసి ఉండాలి. మన దేశంలో పోలీసులు దర్యాప్తు చేస్తారు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో వాదిస్తాడు. కొరియాలో చాలాకాలం పాటు దర్యాప్తు చేసే అధికారం, పోలీసుల దర్యాప్తును నడిపించే అధికారం, కేసు పెట్టాలా వద్దా అని తేల్చే అధికారం, మూడూ ప్రాసిక్యూటర్ చేతిలోనే ఉండేవి. అంత అధికారం ఒకే చోట పోగుపడితే దానికి పెద్ద వ్యాపారులు, రాజకీయ నాయకులు ఎలా అతుక్కుంటారో ఊహించుకోవచ్చు. వాళ్ల వార్తల్లో ఏళ్ల తరబడి నలిగిన విషయం ఇది. 2020లో చట్టం మార్చి పోలీసులకు కొంత స్వతంత్రం ఇచ్చారు. 2021లో ఉన్నతాధికారుల అవినీతిపై విచారణకు వేరే సంస్థ పెట్టారు. ఈ డ్రామా రెండో సీజన్ (2020) నేరుగా ఆ పోలీసు, ప్రాసిక్యూషన్ అధికారాల తగువు మీదే నడుస్తుంది. మొదటి సీజన్‌లో అందరికన్నా గుర్తుండిపోయేది లీ చాంగ్-జూన్ అనే సీనియర్ ప్రాసిక్యూటర్ పాత్ర. మంచివాడా చెడ్డవాడా అన్నది చివరి దాకా మన మనసులో నలుగుతూనే ఉంటుంది. పేర్లు, హోదాలు చాలా ఉంటాయి కాబట్టి మొదటి మూడు గంటలు ఫోన్ పక్కన పెట్టి చూడాలి.

ఇది నచ్చితే 'బియాండ్ ఈవిల్' (2021, జేటీబీసీ) చూడండి. చిన్న ఊరు, ఇరవై ఏళ్ల క్రితం మాయమైన చెల్లెలు, ఒకరినొకరు అనుమానించుకునే ఇద్దరు పోలీసులు. షిన్ హా-క్యున్ నవ్వు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ముసలివాళ్లే హీరోలు

మన సినిమాల్లోనూ సీరియళ్లలోనూ అరవై దాటిన ఆడమనిషికి దొరికే పాత్ర అత్తగారు, లేదంటే దీవించే నానమ్మ. కొరియన్ టీవీ ఈ విషయంలో ఎంత ముందుకెళ్లిందో చూస్తే అసూయ కలుగుతుంది. నో హీ-క్యుంగ్ రాసిన 'డియర్ మై ఫ్రెండ్స్' (2016) నిండా అరవై, డెబ్బై దాటినవాళ్లే. నటీనటులు కొరియన్ తెర మీద అర్ధ శతాబ్దం వెలిగినవాళ్లు: కిమ్ హే-జా, గో డూ-షిమ్, నా మూన్-హీ, తర్వాత 'మినారి' సినిమాకు 2021లో ఆస్కార్ గెలిచిన యూన్ యో-జంగ్. మనవాళ్లకు ఇందులో ఒక ముఖం పరోక్షంగా పరిచయమే. సమంత చేసిన 'ఓ బేబీ' ఒక కొరియన్ సినిమాకు రీమేక్. మన దగ్గర లక్ష్మి చేసిన ముసలావిడ పాత్రను అక్కడ చేసింది నా మూన్-హీ.

ఇక్కడ ఆమె పేరు జంగ్-ఆ. పెళ్లప్పుడు ప్రపంచమంతా తిప్పుతానని మాట ఇచ్చిన మొగుడు జీవితమంతా పిసినారిగా, కోపిష్టిగా గడిపి, ఇంట్లో నీళ్లు కూడా తను తీసుకోడు. డెబ్బై దాటాక ఒకరోజు ఆమె మూట కట్టుకుని ఇల్లు వదిలి, సొంతంగా ఒక చిన్న ఇల్లు చూసుకుంటుంది. అరుపులు, శాపనార్థాలు లేవు. ఇక చాలనుకుంది, అంతే. మొగుణ్ని కూడా రాక్షసుడిగా చూపించలేదు. ఒంటరిగా అన్నం వండుకోవడం రాక తిప్పలు పడే ఆ ముసలాయన మీద మనకు కోపం, జాలి రెండూ కలుగుతాయి. ఇంకో స్నేహితురాలికి మతిమరుపు జబ్బు మొదలవుతుంది. కొడుక్కి భారం కాకూడదని దాచిపెట్టే ఆ భయాన్ని, అమెరికాలో పిల్లలున్న మన తల్లిదండ్రులు ఎంతమంది ఇంట్లో ఒంటరిగా మోస్తున్నారో ఆలోచిస్తే ఈ డ్రామా పరాయి దేశానిది అనిపించదు. నో హీ-క్యుంగ్‌దే 'అవర్ బ్లూస్' (2022) కూడా ఉంది. జేజు చేపల మార్కెట్ చుట్టూ తిరిగే కథలు. అందులో డౌన్ సిండ్రోమ్ ఉన్న అక్క పాత్రను నిజంగా డౌన్ సిండ్రోమ్ ఉన్న చిత్రకారిణి జంగ్ ఉన్-హే చేసింది.

కిమ్ హే-జా చేసిన 'ద లైట్ ఇన్ యువర్ ఐస్' (2019, జేటీబీసీ) పన్నెండు ఎపిసోడ్లే. ఇరవై అయిదేళ్ల అమ్మాయి రాత్రికి రాత్రి ముసలిదైపోతుంది. కథ గురించి ఇంతకన్నా ఒక్క ముక్క కూడా చదవకుండా చూడండి. మొదట తేలికపాటి కామెడీలా ఉంటుంది, వదిలేయకండి. ఆమెకు ఆ ఏడాది బేక్సాంగ్ అవార్డుల్లో అత్యున్నత బహుమతి వచ్చింది.

ఇంకొన్ని

'స్కై క్యాసిల్' (2018-19, యూ హ్యున్-మి రచన) ఇంటర్ చదివే పిల్లలున్న తెలుగు ఇళ్లలో చూసి తీరాలి. ధనవంతుల కాలనీలో పిల్లల్ని సియోల్ నేషనల్ యూనివర్సిటీ మెడిసిన్‌లో చేర్చడానికి తల్లులు ఎంతకు తెగిస్తారన్నది కథ. లక్షలు పోసి ఇంటికి కోచ్‌ను పెట్టుకోవడం, ర్యాంకు తగ్గిన పిల్లాడిని గదిలో కూర్చోబెట్టడం, పక్కింటివాళ్ల మార్కుల కోసం గూఢచర్యం. మొదటి ఎపిసోడ్‌కు 1.7 శాతం రేటింగ్ వచ్చిన ఈ డ్రామా చివరికి 23.8 దాకా వెళ్లింది. కథ మధ్యలో రోజువారీ సీరియల్ ఛాయలు కనిపిస్తాయి. చివరి ఎపిసోడ్‌లో అందరూ ఉన్నట్టుండి మంచివాళ్లయిపోవడం నాకు మింగుడుపడలేదు. అయినా అప్పటిదాకా చెప్పిన నిజాలు చెల్లకుండా పోవు.

'రిప్లై 1988' రాసిన లీ వూ-జంగ్ వెరైటీ షోల నుంచి వచ్చిన రచయిత్రి. ఒకే సందులో ఐదు కుటుంబాలు, సియోల్ ఒలింపిక్స్ నాటి ఏడాది. నాయిక డియోక్-సన్ ప్రారంభోత్సవంలో మడగాస్కర్ బోర్డు పట్టుకోవడానికి నెలల తరబడి సాధన చేస్తే, ఆ దేశం ఒలింపిక్స్‌ను బహిష్కరిస్తుంది. ఒక ఇంట్లో వండిన కూర గిన్నెతో బయల్దేరిన పిల్లాడు నాలుగిళ్లు తిరిగి ఇంకేదో తీసుకొచ్చే సీన్ చూస్తే, ఎనభైల్లో మన వీధుల్లో పెరిగినవాళ్లకు ఇక చెప్పేదేమీ ఉండదు. నాయిక ఎవరిని పెళ్లాడిందన్న పజిల్ మాత్రం అనవసరం. దాన్ని పట్టించుకోకుండా తల్లిదండ్రుల కథలు చూడండి.

పార్క్ హే-యంగ్ తర్వాత రాసిన 'మై లిబరేషన్ నోట్స్' (2022) అందరికీ చెప్పను. సియోల్‌కు దూరంగా ఉన్న ఊరి నుంచి రోజూ గంటల ప్రయాణం చేసే ముగ్గురు తోబుట్టువులు, మాట్లాడని తండ్రి, తాగుతూ కూర్చునే ఒక అపరిచితుడు. చాలాసేపు ఏమీ జరగదు. మై మిస్టర్ చూసి, ఇంకా ఆ రచయిత గొంతు కావాలనిపించినప్పుడు మొదలుపెట్టండి.

చరిత్ర కావాలనుకుంటే 'మిస్టర్ సన్‌షైన్' (2018, కిమ్ ఉన్-సూక్, 24 ఎపిసోడ్లు). బానిసగా పుట్టి అమెరికా పారిపోయి, అక్కడి సైన్యంలో అధికారిగా తిరిగొచ్చినవాడి కథ. జపాన్ కొరియాను మింగేస్తున్న రోజులవి. ప్రేమకథ భారీగానే ఉంది, కానీ పేర్లు కూడా మిగలని గ్రామీణ తిరుగుబాటుదారుల మీద రచయితకు ఉన్న గౌరవం దాన్ని నిలబెట్టింది. 1907లో ఒక విదేశీ జర్నలిస్టు తీసిన ఆ తిరుగుబాటుదారుల ఫోటో ఇప్పటికీ ఉంది. దాన్ని డ్రామాలో సీన్‌గా మలిచిన చోటు కోసం ఎదురుచూడండి.

చూసేటప్పుడు తికమకపెట్టేవి

ఉన్నట్టుండి పాత్రలు ఫలానా బ్రాండు కాఫీ, ఫలానా శాండ్‌విచ్ తింటూ కెమెరాకు చూపిస్తాయి. డ్రామాల్లో వస్తువుల ప్రచారానికి కొరియా 2010లో చట్టబద్ధంగా అనుమతి ఇచ్చింది. అందులోంచి వచ్చే డబ్బుతోనే చాలా డ్రామాల నిర్మాణం సాగుతుంది. కథ ఎంత మంచిదైనా ఇది తప్పదు.

తాగుడు ఎక్కువ కనిపిస్తుంది. ఆఫీసు బృందం కలిసి తాగడం అక్కడ దాదాపు ఉద్యోగంలో భాగంగా ఉండేది. మిసెంగ్‌లో, మై మిస్టర్‌లో ఎవరు ఎవరి గ్లాసు నింపుతున్నారు, ఎవరు తల పక్కకు తిప్పి తాగుతున్నారు అన్నది గమనిస్తే ఎవరి స్థాయి ఏమిటో తెలిసిపోతుంది. పెద్దల ముందు తాగేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోవడం వాళ్ల మర్యాద.

మాటల్లో కూడా ఆ స్థాయి భేదం ఉంటుంది. మనం మీరు నుంచి నువ్వుకు దిగినంత స్పష్టంగా వాళ్ల వాక్యం చివర మారిపోతుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో ఇదంతా పోతుంది. గొంతు గమనిస్తే మాత్రం రెండు డ్రామాలు చూసేసరికి మన చెవి పట్టేస్తుంది. అందుకే తెలుగు డబ్బింగ్ ఉన్నా, ఇలాంటి డ్రామాలకు అసలు గొంతులతో చూడమనే చెబుతాను.

చూసి వదిలేయాలా కొనసాగించాలా అన్నది మొదటి ఎపిసోడ్‌తో తేల్చకండి. వారానికి రెండు ప్రసారమయ్యే పద్ధతి వల్ల రచయితలు రెండు ఎపిసోడ్లను కలిపి ఒక ముక్కగా అల్లుతారు. మొదటిది మనుషుల్ని పరిచయం చేస్తే, రెండోదాని చివర్లో కథ పట్టు దొరుకుతుంది. మై మిస్టర్‌కు నాలుగు ఎపిసోడ్లు ఇవ్వండి. ఇప్పుడు వీటిలో చాలావరకు నెట్‌ఫ్లిక్స్‌లోనో, వికీ (Viki) అనే ఆసియా డ్రామాల ఓటీటీలోనో దొరుకుతాయి. ప్రసార హక్కులు మారుతుంటాయి కాబట్టి ఒకచోట లేకపోతే ఇంకోచోట వెతకండి. వెతికేటప్పుడు ఒకే పేరుతో వేరే సినిమా రావచ్చు, కాబట్టి ఇక్కడ ఇచ్చిన సంవత్సరం, రచయిత పేరు సరిచూసుకోండి.